యమహా ఎఫ్310: మొదటి గిటార్‌గా ఎంతవరకు పనికొస్తుంది

గిటార్ కొన్న రెండు నెలలకే అది బీరువా మీదికి చేరిందంటే, నేర్చుకునే పిల్లవాడికి పట్టుదల లేదని ఇంట్లోవాళ్ళు అంటారు. ఒకసారి దాన్ని కిందికి దించి 12వ ఫ్రెట్ (మెడకు అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర స్టీలు స్కేలు నిలబెట్టి చూడండి. ఫ్రెట్ పైనుంచి తీగ అడుగు దాకా చాలాసార్లు నాలుగు మిల్లీమీటర్లో, ఐదో కనిపిస్తాయి. అంత ఎత్తున బిగిసి ఉన్న స్టీలు తీగను నొక్కడం ఏళ్ళ తరబడి వాయించినవాళ్ళకే కష్టం. ఈ ఎత్తునే గిటార్ వాయించేవాళ్ళు యాక్షన్ అంటారు. యమహా ఎఫ్310ని ఇక్కడ ముఖ్యంగా ఆ కొలతతోనే చూస్తున్నాం. కొత్తవాళ్ళ వేలికి లొంగుతుందా, లొంగకపోతే సరిచేసుకోవచ్చా, మన నల్లగొండ, పాలమూరు ఎండలకు ఆ కొలత నిలబడుతుందా అన్నవే మా ప్రశ్నలు.

ముందు వస్తువు సంగతి. ఎఫ్310 డ్రెడ్‌నాట్ అనే పెద్ద ఆకారంలో ఉండే స్టీలు తీగల గిటార్. పైపలక స్ప్రూస్, అయితే ఒకే చెక్క కాదు, పొరలు అంటించి చేసింది. నట్ (మెడ పై చివర తీగలు ఆనే గాళ్ళ ముక్క) దగ్గర మెడ వెడల్పు 43 మి.మీ. నట్ నుంచి శాడిల్ (అటు చివర, పెట్టె మీద తీగలు ఆనే ముక్క) దాకా తీగ పొడవు 634 మి.మీ. ఈ చివరి అంకె మీద దుకాణాల్లో ఎవరూ మాట్లాడరు గానీ, నేర్చుకునేవాళ్ళకు అన్నిటికంటే పనికొచ్చేది అదే. ఇదే కంపెనీ ఎఫ్‌జి800లో తీగ పొడవు 650 మి.మీ. ఒకే మందం తీగను ఒకే శ్రుతికి బిగించినప్పుడు 634 గిటార్‌లో బిగువు సుమారు ఐదు శాతం తక్కువ పడుతుంది. మొదటి ఫ్రెట్ కూడా నట్ నుంచి 36.5 మి.మీ. దూరంలో కాకుండా 35.6 దగ్గరే ఉంటుంది. చిన్న తేడానే, కానీ సి కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టుకోవడానికి ఉంగరపు వేలు సాగదీసేవాళ్ళకు ఆ మిల్లీమీటరు తెలుస్తుంది.

ధర దుకాణాన్ని బట్టి మారుతుంది, పది వేలకు కొంచెం అటూ ఇటూ అనుకోండి. మూడు నాలుగు వేలకే గిటార్లు దొరుకుతుంటే ఇంత పెట్టడం ఎందుకని అడుగుతారు. ఆ చవక గిటార్లలో ఒక రకం ఉంది: తీగలను మోసే బ్రిడ్జ్ అనే చెక్కను పలకకు అంటించరు, తీగలు కింద అంచున ఉన్న రేకుకు తగిలి ఉంటాయి, బ్రిడ్జ్ కేవలం తీగల బరువుకు నిలబడుతుంది. చెయ్యి తగిలి అది ఐదు మిల్లీమీటర్లు జరిగితే చాలు, ఖాళీ తీగలన్నీ శ్రుతిలోనే ఉన్నా కార్డ్ పట్టగానే అపస్వరం పలుకుతుంది. నేర్చుకునేవాడు తన వేళ్ళే తప్పు అనుకుంటాడు. ఇంట్లో ఇప్పటికే అలాంటిది ఉంటే పారెయ్యక్కర్లేదు. నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా కొలవండి, 12వ ఫ్రెట్ నుంచి బ్రిడ్జ్ దాకా అంతే దూరంతోపాటు రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేలా బ్రిడ్జ్‌ను జరపండి. సన్న తీగ వైపు ఆ అదనం తక్కువ, లావు తీగ వైపు ఎక్కువ. తర్వాత 12వ ఫ్రెట్ మీద నొక్కకుండా వేలు తేలిగ్గా ఆనించి మోగించిన గంట స్వరం, అదే ఫ్రెట్‌లో నొక్కి మోగించిన స్వరం ట్యూనర్‌లో ఒకేచోట చూపాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జ్‌ను వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకు.

ఎఫ్310లో బ్రిడ్జ్ అంటించే ఉంటుంది కాబట్టి ఈ బాధ లేదు. మెడ లోపల ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ ఉంది, అంటే మెడ వంగితే కీతో సరిచేయొచ్చు. శాడిల్ గాడిలో కూర్చున్న తెల్లటి ముక్క, తీగలు వదులు చేస్తే బయటికి వస్తుంది. సరిచేసుకోగల గిటార్ అంటే ఈ మూడూ ఉన్నదే. అదనపు డబ్బు ఇచ్చేది వీటికేనని మా అభిప్రాయం, తలకట్టు (మెడ కొసన తీగలు బిగించే భాగం) మీది పేరుకు కాదు.

కొత్త గిటార్ ఏ కంపెనీదైనా తీగలు కాస్త ఎత్తుగానే వస్తాయి. దారిలో, దుకాణంలో చెక్క కదిలినా తీగ ఫ్రెట్‌కు కొట్టుకోకూడదని అలా ఉంచుతారు. స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి లయగా కొట్టడం) నేర్చుకునేవాళ్ళకు 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ (ఆరోది) 2.5 మి.మీ., సన్న తీగ (ఒకటోది) 2 మి.మీ. దగ్గర ఉంటే హాయిగా ఉంటుంది. మూడు దాటితే సరిచేయాలి. అయితే నేరుగా శాడిల్ గీకడం మొదలుపెట్టకండి. వరస ఉంది: ముందు మెడ, తర్వాత నట్, చివర శాడిల్.

మెడ చూడటానికి గిటార్‌ను మామూలు శ్రుతికి బిగించి, ఆరో తీగను మొదటి ఫ్రెట్‌లో ఒక చేత్తో, మెడ పెట్టెలో కలిసే 14వ ఫ్రెట్‌లో ఇంకో చేత్తో నొక్కండి. ఇప్పుడు తీగే స్కేలు. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకు, ఫ్రెట్‌కు మధ్య సన్నటి సందు ఉండాలి, విజిటింగ్ కార్డ్ బిగుతుగా దూరేంత. రెండు కార్డులు దూరితే మెడ ముందుకు వంగింది, ట్రస్ రాడ్ కీని గడియారం తిరిగే వైపు తిప్పాలి. సందే లేకపోతే ఎదురు వైపు. ఒక్కసారి పావు చుట్టుకు మించి తిప్పొద్దు, తిప్పాక మళ్ళీ శ్రుతి చేసి మళ్ళీ చూడండి. కీ కదలకుండా మొరాయిస్తే బలం పెట్టకండి, గిటార్ మెకానిక్‌కు వదిలేయండి. రాడ్ విరిగితే మెడ పోయినట్టే.

నట్ పరీక్ష ఇంకా సులువు. తీగను మూడో ఫ్రెట్‌లో నొక్కి మొదటి ఫ్రెట్ మీద చూడండి. వెంట్రుక మందం సందు ఉండి, తట్టితే టిక్కుమని చిన్న చప్పుడు రావాలి. సందు స్పష్టంగా కనబడితే నట్ గాళ్ళు లోతు చాలలేదు. ఈ పని సన్నటి నట్ ఆకురాళ్ళతో చేసేది. హాక్సా బ్లేడుతో ఇంట్లో ప్రయత్నించొద్దు, గాడి కాస్త ఎక్కువ తెగితే నట్ మార్చాల్సిందే. హైదరాబాద్ వెళ్ళే పని ఉన్నప్పుడు ఒక్కసారి చేయించుకుంటే చాలు.

శాడిల్ మాత్రం ఇంట్లో చేసుకోగల పని. 12వ ఫ్రెట్ తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి, అక్కడ అర మిల్లీమీటరు దించాలంటే శాడిల్‌ను ఒక మిల్లీమీటరు అరగదీయాలి. తీగలు వదులు చేసి శాడిల్ బయటికి తీయండి, సన్న తీగ వైపు ఏదో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, అడుగు భాగం నుంచి పైకి కొలిచి గీత గీయండి. చదునైన గ్రానైట్ బండ మీదో అద్దం మీదో 150 నంబరు గరుకు కాగితం పరిచి, శాడిల్‌ను నిటారుగా పట్టుకుని అడుగు వైపే రుద్దండి. చేయి పక్కకు వాలితే అడుగు గుండ్రంగా అవుతుంది, అప్పుడు గాడిలో పూర్తిగా ఆనదు, ఒకటి రెండు తీగలు మూగబోతాయి. గీతకు కాస్త ముందే ఆపి బిగించి చూడండి. ఎక్కువ అరిగితే కింద పెట్టుకోవడానికి పల్చటి ముక్కలు వెతకాల్సి వస్తుంది. అందుకే ముందే ఇంకో శాడిల్ కొని పెట్టుకుంటే ధైర్యంగా చేయొచ్చు, పెద్ద ఖర్చు కాదు.

తీగ జిర్రుమంటే ఎక్కడ జిర్రుమంటోందో వినాలి, జబ్బు అక్కడే తెలుస్తుంది. ఖాళీ తీగ మాత్రమే జిర్రుమంటే నట్ గాడి లోతైంది. మొదటి నాలుగైదు ఫ్రెట్లలో మోత వస్తే మెడ మరీ నిటారుగా ఉంది, ట్రస్ రాడ్ కాస్త వదలాలి. పదో ఫ్రెట్ పైన వస్తే శాడిల్ మరీ దిగింది. ఒకే ఒక్క ఫ్రెట్‌లో వస్తే దాని పక్క ఫ్రెట్ లేచింది. కొత్తవాళ్ళ చేతిలో మాత్రం సగం మోతలు గిటార్‌వి కావు, వేలు ఫ్రెట్‌కు దూరంగా పడటం వల్ల వచ్చేవి.

ఇక ఎండల సంగతి. ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీలు చూసే జిల్లాల్లో గిటార్‌కు వేడి కంటే ఎండిన గాలి పెద్ద శత్రువు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్క కుదురుగా ఉంటుంది. మధ్యాహ్నాలు తేమ బాగా పడిపోయినప్పుడు చెక్క నీళ్ళు వదిలి ముడుచుకుంటుంది: పైపలక కిందికి దిగి తీగలు ఫ్రెట్లకు కొట్టుకుంటాయి, మెడ అంచున ఫ్రెట్ చివరలు అరచేతికి గీరుకుంటాయి. వానకాలం దానికి ఎదురు. పలక ఉబ్బి బ్రిడ్జ్‌ను పైకి లేపుతుంది, యాక్షన్ పెరుగుతుంది. జూన్‌లో బాగున్న గిటార్ ఆగస్టులో గట్టిపడిందని కొత్తవాళ్ళు ఫిర్యాదు చేసేది ఇందుకే.

ఇక్కడే ఎఫ్310 పొరల పలక మన ప్రాంతానికి కలిసొస్తుంది. ఒకే చెక్క పలకలో నార అంతా ఒకే వైపు ఉంటుంది, ఎండితే అదే వరసన పగులుతుంది. పొరల్లో నార అడ్డంగా, నిలువుగా మారుతుంది కాబట్టి ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. శబ్దంలో నష్టం ఉంది, ఒప్పుకోవాలి. ఒకే చెక్క స్ప్రూస్ పలక ఉన్న ఎఫ్‌జి800 పక్కన వాయిస్తే ఎఫ్310 మంద్రంలో పల్చగా వినిపిస్తుంది, గట్టిగా కొట్టినా ఆ గది నిండే మోత రాదు, ఏళ్ళు గడిచే కొద్దీ గొంతు విచ్చుకోవడం కూడా తక్కువే. మొదటి ఏడాది నేర్చుకునేవాళ్ళకు ఆ తేడా కంటే పగలని పలక ముఖ్యం. రేకుల ఇంట్లో ఉండేవాళ్ళకైతే ఇంకో మాటే లేదు, పొరల పలకే తీసుకోండి.

ఎండకాలంలో చేయాల్సింది చాలా తక్కువ. వాయించనప్పుడు గిటార్ సంచిలోనే ఉండాలి, గోడకు వేలాడదీయొద్దు. బొక్కలు పెట్టిన సబ్బు పెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్క పెట్టి సంచిలో తలకట్టు దగ్గర ఉంచండి, రెండు రోజులకోసారి తడపండి. స్పాంజి నీళ్ళు కారేలా ఉండొద్దు. కూలర్ ఎదురుగా గిటార్ నిలబెట్టడం అందరూ చేసే తప్పు. కూలర్ నడిచినంత సేపు తడి గాలి, ఆపగానే పొడి గాలి, రోజుకు రెండుసార్లు చెక్క ఉబ్బి ముడుచుకుంటే శ్రుతి నిలవదు. ఎండలో ఆగిన కారులో, బస్సు డిక్కీలో అసలే వద్దు. ఆ వేడికి బ్రిడ్జ్ కింది జిగురు మెత్తబడుతుంది, 70 కిలోల తీగల లాగుడుకు బ్రిడ్జ్ లేస్తుంది. హైదరాబాద్ నుంచి తెచ్చేటప్పుడు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చోండి.

ఆ 70 కిలోలు 12–53 మందం (సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీగల లెక్క. కొత్త వేళ్ళకు 10–47 సెట్ వేయించండి, లాగుడు 60 కిలోల లోపుకు దిగుతుంది, నొక్కడం తేలిక. మోత కాస్త తగ్గుతుంది, అంతే. లాగుడు తగ్గితే మెడ కొంచెం నిటారవుతుంది కాబట్టి తీగలు మార్చిన రెండు రోజులకు సందు మళ్ళీ చూడండి. మన చెమటకు తీగలు త్వరగా నల్లబడతాయి, వాయించగానే పొడి నూలు గుడ్డతో పైనా కిందా తుడవాలి. కొబ్బరినూనె రాసేవాళ్ళున్నారు, వద్దు, దుమ్ము పట్టి మోత చచ్చిపోతుంది. రోజూ వాయిస్తే రెండు మూడు నెలలకు సెట్ మార్చాలి. తుప్పు పట్టిన తీగ శ్రుతి తప్పడమే కాదు, వేలిని కోస్తుంది. శ్రుతి చేసేటప్పుడు ఎప్పుడూ కింది నుంచి పైకి రండి. హెచ్చయితే బాగా వదిలి మళ్ళీ బిగించండి, లేకపోతే వదులైన చుట్టు వాయిస్తుండగా జారుతుంది. లావు తీగ నుంచి వరసగా ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఫోన్ ట్యూనర్ చూస్తూ ఒకటో తీగను పై స్థాయి ఇ కోసం బిగిస్తూ పోతే తెగి మొహానికి తగులుతుంది, తీగ మీటుతూ, చెవితో వింటూ బిగించాలి.

ఇలా సిద్ధం చేసిన ఎఫ్310 మీద నేర్చుకోవడం ఎలా ఉంటుంది? మొదటి వారం ఇ మైనర్ చాలు: ఐదో, నాలుగో తీగలు రెండో ఫ్రెట్‌లో. వేలు ఫ్రెట్ లోహానికి ఆనీ ఆనకుండా దాని వెనకే పడాలి, ఫ్రెట్ల నడుమ నొక్కితే రెట్టింపు బలం కావాలి. కార్డ్ పట్టాక ఆరు తీగలూ ఒక్కొక్కటిగా మీటి వినండి, ఏది మూగగా ఉందో ఆ వేలు మాత్రమే సర్దండి. తర్వాత ఇ మేజర్, ఎ మైనర్ జంటగా నేర్చుకుంటే మంచిది. రెండిటికీ వేళ్ళ ఆకారం ఒకటే, ఒక తీగ కిందికి జరుగుతుంది. ఎ మైనర్ నుంచి సికి వెళ్ళేటప్పుడు చూపుడు వేలు, మధ్యవేలు కదలవు, ఉంగరపు వేలు ఒక్కటే మూడో తీగ నుంచి ఐదో తీగ మూడో ఫ్రెట్‌కు దూకుతుంది. ఒక నిమిషం పెట్టుకుని ఎన్నిసార్లు మారుస్తున్నారో లెక్కపెట్టండి. ముప్పై దాటితే నెమ్మది పాటకు సరిపోతుంది. రోజుకు గంట ఒకేసారి కూర్చునే కంటే పొద్దున పావు గంట, సాయంత్రం పావు గంట వేళ్ళకు మంచిది. మూడు నాలుగు వారాల్లో వేలి కొసలు గట్టిపడతాయి. కొసల నొప్పి మామూలే. మణికట్టు నొప్పి మామూలు కాదు, బొటనవేలు మెడ మీదుగా బిగించి పట్టుకోవడం వల్ల వస్తుంది, వెంటనే ఆపండి.

ఎఫ్ కార్డ్ దగ్గర చాలామంది ఆగిపోతారు. ముందు గిటార్‌ను అనుమానించండి. రెండో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి అదే ఎఫ్ ఆకారం మూడో ఫ్రెట్‌లో పట్టండి. అక్కడ ఒక్కసారిగా తేలికైతే అడ్డం నట్ ఎత్తే. నట్ సరిచేయించే దాకా నాలుగు తీగల చిన్న ఎఫ్‌తో గడపండి: నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ రెండు, ఒకటి రెండు తీగలు కలిపి చూపుడు వేలితో మొదటి ఫ్రెట్.

స్ట్రమ్మింగ్ పాఠాలు ఎక్కువగా నాలుగు లెక్క మీదే మొదలవుతాయి. మన జానపదాలు, చర్చిలో పాడే పాటలు చాలావరకు తిశ్ర (మూడు లెక్కల) నడకలో ఉంటాయి, నాలుగు లెక్క చేయి వాటికి కుదరదు. ఆరు లెక్కపెడుతూ ఆరూ కిందికే కొట్టండి, ఒకటిని, నాలుగును బలంగా, మిగతావి గాలికి తగిలినట్టు. పిక్ (తీగలు మీటే పల్చటి ముక్క) 0.46 నుంచి 0.60 మి.మీ. మధ్యది తీసుకోండి, మందం పిక్ తీగకు అడ్డం తగిలి లయ తెగుతుంది.

పాడేవాళ్ళతో కూర్చుంటే కాపో తప్పనిసరి. హార్మోనియం మీద ఒకటిన్నర శ్రుతి అన్నారంటే సి షార్ప్, మొదటి ఫ్రెట్‌లో కాపో పెట్టి సి ఆకారాలు. రెండో శ్రుతికి అవే ఆకారాలు రెండో ఫ్రెట్‌లో. ఆడవాళ్ళు ఐదున్నర అంటే జి షార్ప్, మొదటి ఫ్రెట్‌లో జి ఆకారాలు. కాపోను ఫ్రెట్‌కు ఆనుకుని వెనకే పెట్టాలి, నడుమ పెడితే తీగలు హెచ్చుతాయి.

ఈ గిటార్ అందరికీ కాదు. పదేళ్ళలోపు పిల్లలకు పెట్టె చంక కింద ఇమడదు, భుజం పైకి లేచి మెడ నొప్పి వస్తుంది. వాళ్ళకు ఇదే కంపెనీ చేసే, 540 మి.మీ. తీగ పొడవున్న జెఆర్2 నప్పుతుంది. ఎత్తు తక్కువైన పెద్దవాళ్ళకు, పెద్ద పెట్టె ఇబ్బంది అనిపించేవాళ్ళకు ఎఫ్‌ఎస్800 మంచిది: తీగ పొడవు అదే 634, పెట్టె చిన్నది, పలక ఒకే చెక్క స్ప్రూస్. ధర పెరుగుతుంది, తేమ జాగ్రత్త కూడా. నైలాన్ తీగల సి40 వేళ్ళకు మెత్తగా ఉంటుంది గానీ మెడ 52 మి.మీ. వెడల్పు, చిన్న చేతులకు సి, జి కార్డులు ఇంకా దూరమవుతాయి. చర్చిలో, ఫంక్షన్‌లో స్పీకర్‌కు కలపాలంటే ఎఫ్310లో పికప్ ఉండదు, అదే కుటుంబంలో ఎఫ్‌ఎక్స్310ఎ2 ఉంది.

దుకాణంలో కొంటుంటే స్టీలు స్కేలు జేబులో పెట్టుకుని వెళ్ళండి. పెట్టెలోంచి తీసిన ఆ ఒక్క గిటార్‌నే కొలవండి, షోకేసులోది కాదు. ప్రతి తీగను ప్రతి ఫ్రెట్‌లో ఒకసారి నొక్కి మీటండి, ఐదు నిమిషాల పని. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే, ఎండలో తిరిగి వచ్చిన పెట్టెను గదిలో మూడు నాలుగు గంటలు ఉంచి తర్వాత విప్పండి, విప్పేటప్పుడు వీడియో తీయండి, తలకట్టు మెడను కలిసే చోట సన్న గీత ఉందేమో చూడండి. పాత ఎఫ్310 తక్కువ ధరకు దొరికితే వదులుకోవద్దు. కానీ ముందు బ్రిడ్జ్ వెనక అంచున మామూలు కాగితం ముక్క తోసి చూడండి. కాగితం లోపలికి దూరిందంటే బ్రిడ్జ్ లేవడం మొదలైంది. ఆ గిటార్‌ను అక్కడే వదిలేయండి.